కుడివైపు పోయే బస్సు

మా ప్రెస్సులో హాజరు పుస్తకం మొదటి పేజీలో అందరి పేర్లూ వరుసగా ఉంటాయి. ఉద్యోగం ఖాయమైన వాళ్ల పేర్లు నల్ల సిరాతో రాస్తారు. ఇంకా ఖాయం కాని వాళ్ల పేర్లు పెన్సిల్‌తో రాస్తారు. వాళ్లు వెళ్లిపోతే రబ్బరుతో తుడిచి ఆ గీత మీదే మరొకరి పేరు రాసుకోవచ్చు. నా పేరు ఆరు నెలలుగా పెన్సిల్‌తోనే ఉంది. ఆ గీత దగ్గర కాగితం పలచబడి, నూగులేచి ఉంటుంది. నాకంటే ముందు అక్కడ ఇద్దరిని తుడిచారట.

మేం అచ్చు వేసేవి బడి గోడలకు తగిలించే చార్టులు. పళ్లు, పక్షులు, ఒంటి భాగాలు, వాహనాలు. బొమ్మ పైన, దాని ఇంగ్లీషు పేరు కింద. మా ఊరి బడిలోనూ అలాంటిదొకటి ఉండేది. దాని కింది సగం చెదలు తినేయగా ఓడ, విమానం పోయి లారీ, బస్సు, సైకిలు మాత్రం మిగిలాయి. ఆ మూడు మాటలు నాకు నిద్రలో అడిగినా అక్షరం తప్పకుండా వచ్చు. అందుకే యజమాని పిలిచి వాహనాల చార్టు నువ్వు చూసుకో అన్నప్పుడు పట్టరానంత సంతోషం వేసింది. మూడుసార్లు ప్రూఫు, అంటే నమూనా అచ్చు, వెనక్కి రావడం మామూలేననీ, నాలుగోసారి కూడా వస్తే మనం ఆలోచించుకోవాల్సి ఉంటుందనీ ఆయన అన్నాడు. మా ప్రెస్సులో ఆలోచించుకోవడం అంటే రబ్బరు తీసుకోవడం. ఊళ్లో మా అమ్మ కూడా ఆరు నెలలే గడువు పెట్టింది. అప్పటికీ ఖాయం కాకపోతే వచ్చేసి పెద్దమ్మ కుట్టుకొట్టులో గుండీలు కుట్టమంది. గుండీలు కుట్టడం తక్కువ పనేం కాదు. కాని అక్షరాల మధ్య జాగా సరిచేసి, ఒక మాట బొమ్మ కింద సరిగ్గా నడుమన కూర్చున్నప్పుడు నాకు కలిగే నెమ్మది గుండీలతో కలగదు.

ఈ చార్టు మూడు చోట్లకు వెళ్లాలి. మూడు చోట్లా ఇంగ్లీషే. అచ్చు మిషను నడిపే మిషన్ మామకు ఆ ప్రాంతాల పేర్లు నోరు తిరగక ఫైళ్ల రంగులతో పిలవడం మొదలుపెట్టాడు. ఇప్పుడు యజమాని కూడా ఎర్ర ఫైలు, నీలం ఫైలు, పచ్చ ఫైలు అనే అంటాడు. బొమ్మల రంగులు మూడు చోట్లకూ కలిపి ఒకేసారి అచ్చు వేసేస్తారు. మాటల నలుపు మాత్రం తర్వాత విడిగా ఎక్కిస్తారు. పన్నెండు వేల షీట్లు రంగులు పూసుకుని, కింద పేర్లు లేకుండా, రెండు నెలలుగా గోడ పక్కన దొంతరలుగా పడి ఉన్నాయి.

మొదటి ప్రూఫులో మాటలు ఎంచింది మా సవరణక్క. మాటలు చూడటం ఆవిడ పని. బస్సు టికెట్టు మీద తప్పు కనిపించినా పెన్ను తీసి దిద్దుతుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. లారీ, ట్రామ్, ప్రామ్, కారవాన్, సబ్‌వే, పికప్ అని నిఘంటువు చూసి మరీ పెట్టింది. నీలం ఫైలు వాళ్లు లారీ కొట్టేసి ట్రక్ రాశారు, ప్రామ్ అని పెట్టిన పసిపిల్లల తోపుడు బండికి స్ట్రోలర్ అన్నారు, ఇల్లులా వాడే బండి కింద కారవాన్ అంటే తమకు ఒంటెల బారు గుర్తొస్తుందన్నారు. ఎర్ర ఫైలు వాళ్లకు లారీ సరిపోయింది గాని, నేల కింది రైలుకు పెట్టిన సబ్‌వే అంటే రోడ్డు కింద మనుషులు నడిచే సొరంగమనీ, దాన్ని వాహనాల్లో ఎలా కలిపారనీ అడిగారు. పచ్చ ఫైలు వాళ్లు ప్రామ్‌ను ఉంచి, లారీని తీసేసి, పికప్ పక్కన యూట్ అని రాసి రెండు గీతలు గీశారు.

యూట్ అంటే ఏమిటో మాలో ఎవరికీ తెలియలేదు. మామ మాత్రం అది కొత్త రకం పురుగుమందులా ఉందన్నాడు.

ఆర్డర్లు తెచ్చే ఏజెంటు రెండో ప్రూఫుకు ఒక ఉపాయం చెప్పాడు. ప్రతి బొమ్మ కిందా అన్ని మాటలూ అడ్డగీత పెట్టి వేసేస్తే ఒక్క ప్లేటుతో పోతుందన్నాడు. ఒక బండికి ఇంటిపేరు, అసలు పేరు, ముద్దుపేరు కలిపి రాస్తామా అని అక్క మండిపడింది. అయినా వేశాం. మూడు ఫైళ్లూ మూడు రోజుల తేడాతో వెనక్కి వచ్చాయి. పిల్లలు ఏ మాట నేర్చుకోవాలో చెప్పండని మూడింటిలోనూ ఇంచుమించు ఒకే వాక్యం.

మూడోసారి మూడు ప్లేట్లు విడివిడిగా చేశాం. వాళ్లు పంపిన జాబితాలు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం కూర్చాను. ఇక తిరుగుండదు అనుకున్నాను. నీలం ఫైల్లోనే రెండు ఊళ్లున్నాయని అప్పుడు తెలిసింది. వీధిలో పట్టాల మీద నడిచే బండిని ఒక ఊరివాళ్లు స్ట్రీట్‌కార్ అంటారట, రెండో ఊరివాళ్లు ట్రాలీ అంటారట. ఎర్ర ఫైల్లో పాత అధికారి పోయి కొత్తాయన వచ్చాడు. ఆయన పాతాయన జాబితా పక్కన పెట్టేసి తన జాబితా పంపాడు. కాలికి వేస్తే మెడకు, మెడకు వేస్తే కాలికి అన్నట్టయింది నా పని. రాత్రి కళ్లు మూసుకుంటే లారీలు పేర్లు మార్చుకుంటూ పోయేవి. మా ఊరి చార్టు మీది లారీ ఒక్కటి మాత్రం ఎవరేమన్నా లారీగానే ఉండేది. దాన్ని చూస్తే ఇప్పుడు నాకు కోపం వచ్చేది. అంత సులువుగా నేర్పి పంపినందుకు.

ఆ వారమంతా ప్రెస్సులో లారీ, ట్రక్ తప్ప మరో మాట లేదు. అక్క భోజనాల వేళ కూడా నిఘంటువు తెరిచే ఉంచింది. ఏజెంటు ఫోనులో అరిచాడు. అన్నిటికీ రేపు చూద్దాం అనే అలవాటు వల్ల మా యజమానిని చాటుగా రేపటాయన అంటాం. ఆయన కూడా ఆ వారం ఒకసారి ఇవాళే చూడండి అన్నాడు. మామ కూడా మాటిమాటికీ మిషను ఆపి, ఎక్కించింది ఏ రంగు ఫైలు ప్లేటో చూసుకున్నాడు.

నాలుగో ప్రూఫు ఒక శుక్రవారం సాయంత్రం తయారైంది. మూడు ప్లేట్లు, మూడు జాబితాలు, ఇరవై నాలుగేసి బొమ్మలు. నాలుగుసార్లు చదివాను. ఒక్క తప్పు లేదు. సోమవారం ఏజెంటు తీసుకెళ్లడమే తరువాయి. ప్రూఫు వెనక ఒక ముద్ర ఉంటుంది, అందులో మూడు గడులు. బొమ్మ, మాట, అక్షరం. బొమ్మ గడిలో వాటిని గీసే బొమ్మల తాతయ్య సంతకం, మాట గడిలో అక్క సంతకం, అక్షరం గడిలో నాది పడాలి. ఒకరి గడిలో ఇంకొకరు పెన్సిల్ చుక్క కూడా పెట్టకూడదు. ఎప్పుడో అక్క ఒక చార్టులో కోడిపుంజు తోక పొట్టిగా ఉందని బొమ్మ గడిలో రాసిందట. తాతయ్య నాలుగు నెలలు ప్రెస్సు గడప తొక్కలేదట. అప్పటినుంచీ ఎవరి గడి వారిది. తాతయ్య ఈ చార్టు బొమ్మ గడిలో రెండు నెలల కిందటే సంతకం పెట్టేశాడు.

చెడిపోయిన షీటు ఒకటి చుట్టి, ఇంటి దగ్గర ఇంకోసారి చూద్దామని తీసుకెళ్లాను. నేను పిన్ని, బాబాయి వాళ్లింట్లో ఉంటాను. బాబాయి సిటీ బస్సు డ్రైవరు. మా వీధి మొగలో బస్సు దిగి, రోడ్డు దాటడానికి ఫుట్‌పాత్ మీద నిలబడ్డాను. సాయంత్రం కావడంతో దాటడానికి సందు దొరకలేదు. బస్సులు చూస్తూ నిలబడ్డాను. నాకు దగ్గరగా వెళ్లే బస్సులన్నీ కుడినుంచి ఎడమకు పోతున్నాయి. వాటి తలుపులు నా వైపే ఉన్నాయి, జనం నా పక్కనే దిగుతున్నారు. రోడ్డుకు అవతలి పక్క వెళ్లే బస్సులు ఎడమనుంచి కుడికి పోతున్నాయి. వాటికి తలుపు కనిపించదు. డ్రైవరు కిటికీ కనిపిస్తుంది, అంతే. వాటి తలుపులు అవతలి ఫుట్‌పాత్ వైపు ఉంటాయి.

ఏడు బస్సులు లెక్కపెట్టాను. కుడివైపు పోయే బస్సు ఒక్కటి కూడా నాకు తలుపు చూపించలేదు.

చేతిలో ఉన్న చుట్టను అక్కడే విప్పాను. మా చార్టులో బస్సు కుడివైపు పోతోంది. దాని తలుపు తెరిచి ఉంది. అందులోంచి ముగ్గురు పిల్లలు సంచులు వేసుకుని నవ్వుతూ దిగుతున్నారు.

నేను చేరిన మొదటి వారంలోనే తాతయ్య నాకో సూత్రం చెప్పాడు. చార్టులో బండ్లన్నీ కుడివైపే పోవాలి, అక్షరం ఎటు నడిస్తే బండీ అటే నడవాలి, లేకపోతే పిల్లల కన్ను తట్టుకుని పడుతుంది అన్నాడు. ఎంత బాగుందో అనుకున్నాను అప్పుడు. ఇరవై నాలుగు బండ్లూ ఆ సూత్రం ప్రకారమే వేశాడు. అదే సూత్రం ప్రకారం ముగ్గురు పిల్లల్ని తీసుకొచ్చి నడిరోడ్డు మీద దింపాడు.

ఇంటికి వెళ్లి మంచం మీద షీటు పరిచాను. ఒక పక్క ఇస్త్రీ పెట్టె, ఇంకో పక్క బాబాయి టిఫిను డబ్బా బరువు పెట్టాను. ఏమీ చెప్పకుండా, బస్సు ఎలా ఉంది బాబాయ్ అని అడిగాను. బాబాయి తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వంగి చూశాడు. రంగు బాగుందన్నాడు. తర్వాత తువ్వాలు ఆగిపోయింది.

"ఈ బండి ఎవరు నడుపుతున్నారు తల్లీ?" అన్నాడు. "నేనైతే ఇలా దింపిన పూటే నా లైసెన్సు లాక్కునేవాళ్లు."

వెనకొచ్చే వాహనాలు తగలని పక్కే పిల్లల్ని దింపాలని, ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నేర్పే పాఠం అదేనని చెప్పాడు. పిన్ని కూడా వచ్చి చూసింది. ఆవిడకు ముందు నా ఉద్యోగం గుర్తొచ్చింది. నీ పని అక్షరాలు చూడటం, బొమ్మలు చూడటం కాదు, అందరూ ఊరుకుంటే నువ్వు మాత్రం ఎందుకు పెదవి విప్పడం అంది. అడక్కుండా సలహా ఇస్తే ఎక్కువ తెలిసినట్టు ఉంటుందంది. ఆవిడ చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. నాకు ఇంకా కోపం వచ్చింది, అందుకే.

సోమవారం పొద్దున్నే మూడు ఫైళ్లూ తీసి కూర్చున్నాను. ఎర్ర ఫైల్లో వాళ్ల బడి పుస్తకం ఒకటుంది, అందులో రోడ్డు ఫోటోలున్నాయి. వాళ్లు మాలాగే ఎడమ పక్కన నడుపుతారు. పచ్చ ఫైల్లో ఒక క్యాలెండరు ఉంది, దాని మీది వీధి బొమ్మ చూస్తే వాళ్లూ ఎడమే. నీలం ఫైలు వాళ్లు కుడి. అంటే నాలుగు వేల షీట్లలో బస్సు సరిగ్గానే ఉంది. ఎనిమిది వేల షీట్లలో తప్పుగా ఉంది. మిగతా బండ్లు కూడా ఒక్కొక్కటే చూశాను. వాటిలోంచి ఎవరూ దిగడం లేదు. ఒక్క బస్సే.

ముందు సవరణక్కకు చెప్పాను. అక్క నిఘంటువులోంచి తలెత్తి, నేను చూపించిన చోట చూసింది. రెండు నెలలుగా ఆ బొమ్మ కింది మాట గురించి ఆవిడ ఎన్ని ఉత్తరాలు రాసిందో నాకు తెలుసు. బస్ అనాలా, కోచ్ అనాలా, స్కూల్ బస్ అనాలా అని.

"మాటలు సరిగ్గా ఉన్నాయా?" అంది.

"ఉన్నాయక్కా."

"అయితే నీ గడిలో సంతకం పెట్టు. బొమ్మ గడి జోలికి మాత్రం పోకు. నేను పోయాను ఒకసారి, కోడి తోక పట్టుకుని."

మామ దగ్గరికి వెళ్లాను. ఆయన మిషను కింద దూరి నూనె పోస్తున్నాడు. అక్కడినుంచే విన్నాడు. బస్సు బొమ్మను మళ్లీ అచ్చు వేయాలంటే పన్నెండు వేల షీట్ల మీద ఎక్కిన రంగును ఎవరు దించుతారన్నాడు. ఎక్కించడమే గాని దించడం ఈ మిషనుకు రాదు, ముఖ్యంగా నలుపు, ఎక్కిందంటే ఎక్కిందే అన్నాడు. బయటికి వచ్చాక మాత్రం షీటును చాలాసేపు చూశాడు. నేను వేశాను పన్నెండు వేలు, ఒక్కొక్కటీ నా చేతి మీదుగా పోయింది, నాకు కనపడలేదు అన్నాడు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టేయమన్నట్టుంది మన పని అని తనను తానే తిట్టుకున్నాడు.

ఇక యజమాని. ఆయన గది మేడ మీద, కిటికీ రోడ్డు వైపు. నేను చెప్పింది ఆయనకు మొదట అర్థం కాలేదు. తలుపంటే ఏ తలుపు, కుడి అంటే ఎవరి కుడి అన్నాడు. నేను మాటలతో చెప్పడంలో ఎప్పుడూ వెనకే. కిటికీ దగ్గరికి రమ్మన్నాను. నేను ఆయన్ను ఒక చోటికి రమ్మనడం అదే మొదలు. ఇద్దరం నిలబడి బస్సులు చూశాం. ఒకటి పోయింది, రెండు పోయాయి. మూడోది అవతలి పక్కన ఆగింది. జనం అవతలి వైపు దిగి, బస్సు కదిలి వెళ్లిపోయాక కనిపించారు.

ముప్పై ఏళ్లుగా ఈ కిటికీ పక్కనే కూర్చుంటున్నానన్నాడు ఆయన. కుర్చీలో కూలబడి, వెంటనే మరో దారి పట్టాడు. మూడు ప్రాంతాల వాళ్లు మూడు ప్రూఫులు చూశారు, లారీ గురించి గొంతు చించుకున్నారు, ఒక్కరైనా ఈ తలుపు సంగతి అడిగారా అన్నాడు. అడగలేదన్నాను. అడగని దానికి మనం ఎందుకు సమాధానం చెప్పాలన్నాడు. సంతకం పెట్టకుండా ప్రూఫు ఆయన బల్ల మీదే పెట్టి నిలబడ్డాను. మధ్యాహ్నం దాకా ఆ ప్రూఫు ఆయన ఎదురుగానే ఉంది. ఏజెంటు వచ్చి రెండుసార్లు తలుపు కొట్టి వెళ్లాడు. మూడు గంటలకు ఆయన తాతయ్యకు కబురు పెట్టాడు.

తాతయ్య చాలా బాధపడ్డాడు. తను గీసింది బొమ్మ గాని బస్సు డిపో కాదన్నాడు. నలభై ఏళ్లలో తన బండి ఏదీ వెనక్కి పోలేదన్నాడు. నా వైపు చూడకుండా, అక్షరాలమ్మాయికి కళ్లు ఎక్కువయ్యాయన్నాడు. అయినా అక్కడే కూర్చుని, గంటలో, ఎడమవైపు పోయే బస్సు గీసిచ్చాడు. ఈసారి పిల్లల కాళ్ల కింద ఫుట్‌పాత్ కూడా వేశాడు. అది మొదటిదానికంటే బాగుంది. ఆ మాట చెప్పబోయాను గాని ఆయన వినే పరిస్థితిలో లేడు. కొత్త ప్రూఫు వెనక బొమ్మ గడిలో సంతకం పెట్టమంటే పెట్టలేదు.

"ఇది నా బొమ్మ కాదు. నా బండి ఎప్పుడూ వెనక్కి నడవదు," అని గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు.

కొత్త బస్సును చిన్న ముక్కలుగా అచ్చు వేసి, పాత బస్సు మీద అతికించడమే దారి అని తేలింది. ముందు రెండు నమూనాలు చేశాం. ఒకటి ఎర్ర ఫైలుకు, ఒకటి పచ్చ ఫైలుకు. బొమ్మ గడి ఖాళీగానే ఉన్నా ఏజెంటు గమనించకుండా పట్టుకెళ్లాడు.

పది రోజులకు ఎర్ర ఫైలు నమూనా వెనక్కి వచ్చింది. నాలుగోసారి.

మాటల మీద ఒక్క గీత లేదు. బస్సు చుట్టూ ఎర్ర సున్నా ఉంది. పక్కన కొత్తాయన రాశాడు. ఇరవై మూడు వాహనాలు ఒక వైపు, ఇది మాత్రం ఎదురు వస్తోంది, చూడటానికి బాగాలేదు, పాత బొమ్మే బాగుంది, అదే ఉంచండి. అసలు ఈ బొమ్మకు ఎవరు ఒప్పుకున్నారు, గడి ఖాళీగా ఉంది.

యజమాని నన్ను పిలిచి ఆ కాగితం నా ముందు పెట్టాడు. ఆయన కోపంగా లేడు. అదే ఇంకా కష్టంగా ఉంది. కోపమైతే తల వంచుకుని వెళ్లిపోవచ్చు.

"చూడమ్మాయ్, వాళ్లే అడుగుతున్నారు. పాత బస్సే కావాలంటున్నారు. ఎనిమిది వేలు అతికించే పని తప్పుతుంది. అదే ఇచ్చేద్దాం. మన తప్పు కూడా కాదు ఇప్పుడు."

పక్కన హాజరు పుస్తకం ఉంది. దాని మీద రబ్బరు ఉంది. అది ఎప్పుడూ అక్కడే ఉంటుందనుకుంటాను, నేను ఆ రోజే చూశాను.

రెండు నెలలుగా వాళ్లు ఏది మార్చమంటే అది మార్చాం. లారీ తీసి ట్రక్ పెట్టాం, పెట్టి తీశాం. వాళ్ల మాట వాళ్లిష్టం, వాళ్ల బండిని వాళ్లు ఏమని పిలుచుకుంటే మనకేం. కాని పేరేదైనా పిల్లలు దిగేది మాత్రం ఫుట్‌పాత్ వైపే కదా. ఇదంతా నా లోపలే ఉంది. బయటికి వచ్చింది మాత్రం కాస్తే.

"బాగాలేకపోవడం వేరు సార్. ఆ పిల్లలు ఎటు దిగుతున్నారో వాళ్లు చూడలేదు," అన్నాను. "మన చార్టు చూసే రేపు పిల్లలు బస్సు దిగుతారు."

"ఈ చార్టు చూసి ఎవరైనా బస్సు దిగుతారా?"

"లారీ అనే మాట నేను చార్టు చూసే నేర్చుకున్నాను సార్."

నేను ఆయన బల్ల మీది పెన్ను తీసుకున్నాను. అనుమతి అడగలేదు, అడిగితే రేపు అంటాడు. ప్రూఫు వెనక్కి తిప్పి బొమ్మ గడిలో నా సంతకం పెట్టాను. తొందరలో సంతకం గడి దాటి మాట గడిలోకి కూడా కొంచెం పోయింది. దాని కింద ఇంగ్లీషులో రెండు వాక్యాలు రాశాను. నేను అంతవరకు ఇంగ్లీషు మాటలు పేర్చడమే గాని సొంతంగా వాక్యం రాసి ఎవరికీ పంపలేదు. మీ రోడ్ల మీద బస్సు ఎడమవైపు పోతేనే దాని తలుపు చూసేవాళ్లకు కనిపిస్తుంది. పిల్లలు ఫుట్‌పాత్ మీదే దిగాలి. అంతే రాశాను. సవరణక్క తర్వాత చూసి రెండో వాక్యంలో ఒక కామా చేర్చింది.

యజమాని ఆ గడి చూసి, ప్రూఫు నా వైపు తోశాడు. "పంపు," అన్నాడు. "మిగతాది రేపు చూద్దాం."

ఆ రేపు పన్నెండు రోజులైంది. ఆ పన్నెండు రోజులూ నా పని ఏమిటో ఎవరూ చెప్పలేదు, వెళ్లిపొమ్మనీ అనలేదు. మాటలు ఖాయమైన నీలం ఫైలు షీట్లకు నలుపు ఎక్కించడం మొదలైంది. తాతయ్య రెండుసార్లు వచ్చి నా బల్ల పక్కనుంచి, కిటికీ చూస్తూ నడిచి వెళ్లాడు. ఇంటి దగ్గర పిన్ని ఏమీ అడగకుండా నా బట్టల పెట్టె అటక మీద నుంచి దింపి, తుడిచి, మంచం కింద పెట్టింది. ఎందుకని నేనూ అడగలేదు. అమ్మకు ఫోను చేయాల్సిన రోజు దాటిపోయింది.

ముందు పచ్చ ఫైలు వచ్చింది. ఒకే ముక్క. బస్సు ఇప్పుడు సరిగ్గా ఉంది, మేం ముందే చూడాల్సింది. రెండు రోజులకు ఎర్ర ఫైలు. కొత్తాయన బస్సు గురించి ఒక్క మాట రాయలేదు, క్షమాపణ లాంటిదీ లేదు. సున్నాను తెల్ల సిరాతో చెరిపేశాడు. దాని కింద మాత్రం బస్ అనే మాట కొట్టేసి స్కూల్ బస్ అని మార్చమన్నాడు. అక్క ఆ కాగితం చూసి, నిఘంటువు మూసేసి, దాని మీద తల పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో భుజాలు చూస్తే తెలియలేదు. నేను ఆ ఒక్క మాటకు ప్లేటు మళ్లీ చేయించాను.

తర్వాత అతికించడం. ఎనిమిది వేల బస్సులు. నేనూ అక్కా, తీరిక దొరికినప్పుడు మామ. నాలుగు మూలలూ కుదరాలి, కింది బస్సు చక్రం ఎక్కడా కనపడకూడదు. మొదటి రోజు సాయంత్రానికి వేళ్ల మీద జిగురు ఎండి, రాత్రి వాటి తొక్క ఒలుచుకోవడమే పని అయింది. మూడో రోజు తాతయ్య వచ్చాడు. దూరంగా నిలబడి చూశాడు. ముక్కలు ఓ వెంట్రుకవాసి పైకి పోతున్నాయి, రోడ్డు గీత కలవడం లేదన్నాడు. ఎవరితో అన్నాడో తెలియలేదు. నేను వెంట్రుకవాసి కిందికి జరిపాను. కలిసింది. ఆయన ఉన్నంతసేపు కూర్చుని, జిగురు డబ్బా మూత తీసి మూసి తీసి మూసి, వెళ్లిపోయాడు.

పదమూడో రోజున ఆఖరి బస్సు అతికించాం. మర్నాడు పొద్దున సంతకం పెట్టడానికి హాజరు పుస్తకం తెరిచి మొదటి పేజీ చూశాను. నా పేరు పెన్సిల్‌తోనే ఉంది. ఏడో నెల నడుస్తోంది. చార్టు పంపేశారు. నాలుగోసారి వెనక్కి వచ్చింది, అందులో నా తప్పు లేదు. మంచి పని చేశావని ఎవరూ అనలేదు, తప్పు చేశావనీ అనలేదు. యజమాని ఎదురుగానే కూర్చుని ఏదో ఉత్తరం చదువుతున్నాడు. మా పాత జంతువుల చార్టు కావాలట, మళ్లీ మూడు ఫైళ్లూ. గాడిదకు ఎన్ని పేర్లుంటాయో అని ఏజెంటు బయట ఫోనులో అంటున్నది గదిలోకి కూడా వినిపిస్తోంది.

నా ఉద్యోగం సంగతి ఏం చేశారు సార్ అని అడిగాను.

"రేపు చూద్దాం అమ్మాయ్."

పుస్తకం పక్కన ఉన్న సిరా పెన్ను తీసుకున్నాను. పెన్సిల్ గీతల మీదుగా, ఒక్క అక్షరం పక్కకు పోకుండా, మెల్లగా నా పేరు రాసుకున్నాను. కాగితం పలచగా ఉండటంతో సిరా ఆవలి పేజీకి కూడా కొంచెం దిగింది.

ఆయన తలెత్తి చూశాడు. చెయ్యి అలవాటుగా రబ్బరు మీదికి పోయింది. పేరు చూశాడు. రబ్బరు పట్టుకుని కాసేపు అలాగే ఉండి, దాన్ని సొరుగులో వేసి, ఉత్తరంలోకి తల దించాడు.

నేను కిందికి వెళ్లి జంతువుల ప్రూఫు తీసుకున్నాను. అన్నీ కుడివైపే చూస్తున్నాయి.